కుక్క ఈనే వేళ: తెలుసుకోవలసిన విశేషాలు

ఇంట్లో కుక్క చూలుతో ఉంటే ఆఖరి వారం ఇంటిల్లిపాదికీ ఒకటే ఆరాటం. ఇవాళా రేపా, రాత్రికా తెల్లవారికా అని ఎదురుచూపులు. కుక్క మాత్రం చెప్పాపెట్టకుండా ఈనదు. ఒళ్లు చల్లబడటం దగ్గర్నుంచి గుడ్డలు చింపటం దాకా ఒక్కో గుర్తునూ వరసగా చూపిస్తూనే ఉంటుంది. చాలా కాన్పులు మన చెయ్యి పడకుండానే సాఫీగా జరిగిపోతాయి. అడ్డం తిరిగేవి కొన్నే. ఆ కొన్నిటిలో తల్లినీ పిల్లలనూ కాపాడేది మన కంగారు కాదు. గుర్తులు కనిపెట్టి, గడియారం చూసుకుని, వేళకు డాక్టర్‌ను పిలవటం. అందుకు పనికొచ్చే విశేషాలివి.

63 రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుంది?

కుక్క చూలు కాలం 63 రోజులని అందరూ చెబుతారు. ఆ లెక్క అండం విడుదలైన రోజు నుంచి. క్రాసింగ్ చేయించిన రోజు నుంచి లెక్కపెడితే 57 నుంచి 72 రోజుల మధ్య ఎప్పుడైనా ఈనవచ్చు. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క గర్భంలో వారం దాకా బతికి ఉంటాయి. పైగా కుక్క అండం విడుదలైన వెంటనే ఫలదీకరణకు సిద్ధంగా ఉండదు, పక్వానికి రావడానికి మరో రెండు మూడు రోజులు పడుతుంది. తేదీల్లో ఇంత తేడా రావడానికి కారణం అదే. అందుకని క్యాలెండర్‌లో ఒక్క తేదీకి సున్నా చుట్టి ధీమాగా ఉండొద్దు. క్రాసింగ్ జరిగిన తేదీలన్నీ రాసిపెట్టుకుని, మొదటి తేదీ తర్వాత 56వ రోజు నుంచి కుక్కను కనిపెట్టి ఉండండి.

ఒకే ఈతలో ఇద్దరు తండ్రులు

ఎదకు వచ్చిన కుక్క కొద్ది రోజుల తేడాతో రెండు మగకుక్కలతో కలిస్తే, ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండవచ్చు. తల్లి తెల్లగా ఉండి, పిల్లల్లో కొన్ని ఒక పోలికతో, కొన్ని ఇంకో పోలికతో పుడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. అయినా అన్ని పిల్లలూ ఒకే కాన్పులో, ఒకే నొప్పులతో బయటికి వస్తాయి.

మందుల షాపు పట్టీతో తేలదు

ఆడవాళ్లు గర్భం తెలుసుకోవడానికి వాడే పట్టీ కుక్కకు పనిచేయదు. ఆ పట్టీ కనిపెట్టే హెచ్‌సీజీ హార్మోన్ కుక్కల్లో తయారుకాదు. కుక్క కడుపులో పిల్లలు పడ్డాక మాయ నుంచి రిలాక్సిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. దాదాపు నెల నిండేసరికి రక్తపరీక్షలో అది బయటపడుతుంది. స్కానింగ్‌లో అయితే 25 రోజులు దాటాక పిల్లల గుండె కొట్టుకోవడం కూడా చూడవచ్చు.

ఎక్స్‌రే ఎప్పుడు తీయించాలి?

స్కానింగ్‌లో పిల్లలు బతికే ఉన్నాయా అన్నది బాగా తెలుస్తుంది కానీ, ఎన్ని ఉన్నాయో లెక్క తప్పవచ్చు. లెక్కకు ఎక్స్‌రేయే నమ్మకం. పిల్లల ఎముకలు 45వ రోజు దాటాక ఎక్స్‌రేలో కనపడటం మొదలవుతుంది. 55 రోజులు దాటాక తీస్తే పుర్రెలూ వెన్నుపూసలూ విడివిడిగా తెలుస్తాయి. ఈ లెక్క కాన్పు రాత్రి ఎంతో ఉపయోగపడుతుంది. అయిదు పిల్లలున్నాయని ముందే తెలిస్తే, నాలుగు పుట్టాక తల్లి సొమ్మసిల్లి పడుకున్నప్పుడు పని అయిపోయిందని మనం పొరబడం.

24 పిల్లల తల్లి

చిన్న జాతి కుక్కలు మూడు నాలుగు పిల్లలను ఈనితే, పెద్ద జాతులు ఏడెనిమిదింటిని ఈనడం మామూలే. గిన్నిస్ రికార్డు మాత్రం 24. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌షైర్‌లో టియా అనే నియాపోలిటన్ మాస్టిఫ్ 2004 నవంబరు 29న అన్ని పిల్లలకు తల్లయింది. సిజేరియన్ చేసి వాటిని బయటికి తీశారు. కుక్కకు సాధారణంగా ఉండేవి ఎనిమిది నుంచి పది చన్నులే. అంతకు మించి పిల్లలు పుడితే వంతులవారీగా తల్లి దగ్గర పడుకోబెట్టి, మిగిలినవాటికి కుక్కపిల్లల పాలపొడి కలిపి పట్టాల్సిందే.

పాలు దిగడం ఒక్కటే గుర్తు కాదు

చన్ను నొక్కితే పాలు వస్తున్నాయి కాబట్టి ఈ రాత్రికే ఈనుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఇంతకు ముందు ఈనిన కుక్కకు వారం ముందే పాలు దిగవచ్చు. తొలిచూలు కుక్కకు కొన్నిసార్లు నొప్పులు మొదలయ్యాక గానీ చుక్క పాలు కనపడవు. పాలు వచ్చాయంటే రోజులు దగ్గర పడ్డాయని మాత్రమే అర్థం. గంటలు దగ్గర పడ్డాయని చెప్పే గుర్తులు వేరే ఉన్నాయి.

కడుపు లేకుండానే కాన్పు లక్షణాలు

కడుపులో ఒక్క పిల్ల లేకపోయినా కొన్ని కుక్కలు పక్క సర్దుకుంటాయి, పాలు చేపుతాయి, చెప్పునో బొమ్మనో పొట్టకు అదుముకుని కాపలా కాస్తాయి. ఎదకు వచ్చిన తర్వాత కుక్క శరీరంలో ప్రొజెస్టిరాన్ హార్మోన్ చూలు ఉన్నా లేకపోయినా దాదాపు రెండు నెలలు ఎక్కువగానే ఉంటుంది. అది తగ్గి ప్రొలాక్టిన్ పెరిగినప్పుడు ఇలా జరుగుతుంది. తోడేళ్ల గుంపులో ఒక ఆడది ఈనితే మిగతావీ పిల్లల సాకుడులో సాయపడతాయి, కుక్కలు తోడేళ్లుగా ఉన్న కాలం నాటి అలవాటే ఇదని శాస్త్రజ్ఞుల ఊహ. చాలాసార్లు రెండు మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. చన్నులు పిండొద్దు. పిండితే పాలు ఇంకా ఊరతాయి.

ఒళ్లు చల్లబడితే ఒక్క రోజే గడువు

అన్నిటికంటే నమ్మదగిన గుర్తు థర్మామీటర్‌లో ఉంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. చూలు చివరి వారంలో అది కాస్త తగ్గుతుంది. ఈనడానికి 12 నుంచి 24 గంటల ముందు 99 డిగ్రీల కిందికి దిగుతుంది. చిన్న జాతుల్లో ఇంకా తగ్గవచ్చు. చూలును నిలిపి ఉంచే ప్రొజెస్టిరాన్‌కు ఒంటిని వెచ్చగా ఉంచే గుణం కూడా ఉంది. ఆ హార్మోన్ పడిపోగానే గర్భసంచికి పట్టు సడలి నొప్పులకు దారి ఏర్పడుతుంది, ఒళ్లూ చల్లబడుతుంది.

అయితే ఈ తగ్గుదల కొన్ని గంటలే ఉంటుంది. నొప్పులు ముదిరేసరికి వేడి మళ్లీ మామూలుకు చేరుతుంది. రోజుకొక్కసారి చూస్తే ఆ గంటలు మన కంట పడకుండానే జారిపోవచ్చు. అందుకని 56వ రోజు నుంచి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒకే వేళల్లో చూసి కాగితం మీద రాసుకోవాలి. డిజిటల్ థర్మామీటర్ కొసకు కాస్త వ్యాజలైన్ రాసి, మలద్వారంలోకి అంగుళం లోపే పోనిచ్చి, బీప్ వినపడేదాకా ఉంచితే చాలు. పరుగెత్తి వచ్చినప్పుడు, అన్నం తిన్న వెంటనే చూడకూడదు. 99 కిందికి దిగి 24 గంటలు గడిచినా నొప్పుల జాడ లేకపోతే డాక్టర్‌తో మాట్లాడాలి.

రక్తపరీక్షలోనూ ఇదే తెలుస్తుంది. ప్రొజెస్టిరాన్ మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల లోపుకు పడిపోయిందంటే దాదాపు ఒక రోజులో కాన్పు. సిజేరియన్ ఎప్పుడు చేయాలో తేల్చుకోవడానికి డాక్టర్లు ఈ పరీక్ష చేస్తారు.

గుడ్డలు చింపటం, నేల గీరటం

ఈనడానికి ఒకటి రెండు రోజుల ముందు కుక్క తీరు మారుతుంది. పరిచిన పాత చీరను ముందు కాళ్లతో గీరి గీరి ఒక మూలకు కుప్ప పోస్తుంది. దాని మీద మూడు నాలుగు చుట్లు తిరిగి పడుకుంటుంది. అరనిమిషం తిరక్కుండానే లేచి, చీర అంచు పళ్లతో పట్టి చింపి, మళ్లీ మొదటి నుంచి సర్దుతుంది. మంచం కిందికి, బట్టల బీరువా అడుక్కి, మెట్ల కింది చీకటి మూలకు వెళ్లి నేల గీరుతుంది. ఇది అల్లరి కాదు, తిట్టవద్దు. పురిటి చోటు వెతుక్కుంటోంది. ఈనడానికి పది పదిహేను రోజుల ముందే గాలి తగలని, జనం తిరగని గదిలో ఒక పెట్టె పెట్టి, అందులో పడుకోవడం అలవాటు చేస్తే ఆ రోజు మూలకు నెట్టిన సామాన్ల వెనక దూరదు. పెట్టె లోపలి గోడల చుట్టూ నాలుగంగుళాల ఎత్తున కర్ర పట్టీ కొట్టిస్తే, తల్లి ఒరిగినప్పుడు పిల్ల గోడకూ తల్లి వీపుకూ మధ్య నలగకుండా ఆ సందులో బతికి బయటపడుతుంది.

బొచ్చు కుక్కలకు ముందే కత్తిరింపు

పొమరేనియన్, షిట్జూ లాంటి బొచ్చు కుక్కలకు చన్నుల చుట్టూ, తోక కింద ఉన్న వెంట్రుకలను వారం ముందే జాగ్రత్తగా కత్తిరించాలి. అప్పుడే పుట్టిన పిల్లకు చనుమొన తొందరగా దొరుకుతుంది. ఏ రంగు ద్రవం కారుతోందో మనకూ స్పష్టంగా కనపడుతుంది. ఆ రంగు ఎందుకు చూడాలో ముందు ముందు చెబుతాను.

బయటికి కనపడని నొప్పులు

కాన్పు మొదటి దశలో గర్భసంచి ముడుచుకోవడం మొదలవుతుంది, దాని ముఖద్వారం తెరుచుకుంటూ ఉంటుంది. పైనుంచి చూస్తే పొట్టలో కదలిక కనపడదు. కనపడేది కుక్క అవస్థ. నాలుక బయటపెట్టి వగరుస్తుంది, వణుకుతుంది, మాటిమాటికీ వెనక్కి తిరిగి డొక్క వైపు చూసుకుంటుంది, తోక కింద నాకుతుంది. తీగలా సాగే తెల్లని జిగురు కనపడవచ్చు. కొన్ని కుక్కలు యజమాని కొంగు వదలవు, కొన్ని ఎవరినీ దగ్గరికి రానీయవు. ఈ దశ 6 నుంచి 12 గంటలు నడుస్తుంది. తొలిచూలు కుక్కలో 24 గంటలు దాటినా దాటవచ్చు. వగర్పు చూసి ఎండ వేడి అనుకునేవాళ్లున్నారు. చల్లని గదిలో కూడా వగరుస్తూ, నేల గీరుతూ ఉంటే అవి నొప్పులే.

అన్నం మానేసింది అంటే?

నొప్పులు మొదలయ్యే ముందు చాలా కుక్కలు తిండి ముట్టవు. తిన్నదాన్ని కక్కేయడమూ ఉంది. అయితే దీన్ని గట్టి నియమం అనుకోకండి. తిండిపోతు లాబ్రడార్ నొప్పుల మధ్య కూడా గిన్నె ఖాళీ చేయగలదు. తిండి మానడం ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు. ఒంటి వేడి తగ్గడం, వగర్పు, పక్క గీరడం ఈ మూడూ కలిసి వస్తే అప్పుడు నమ్మవచ్చు. బలవంతంగా తినిపించవద్దు. మంచినీళ్ల గిన్నె మాత్రం దగ్గరే ఉంచాలి.

భయపడితే నొప్పులు ఆగిపోతాయి

చుట్టాలు, ఇరుగుపొరుగు, సెల్‌ఫోన్ పట్టుకున్న పిల్లలు చుట్టూ చేరితే కుక్క శరీరంలో ఎడ్రినలిన్ పెరుగుతుంది. అది గర్భసంచి ముడుచుకోకుండా అడ్డుపడుతుంది. సాఫీగా సాగుతున్న కాన్పు కాసేపు నిలిచిపోవచ్చు. అడవిలో ఈనే జంతువుకు ఇది రక్షణ, శత్రువు పోయేదాకా కాన్పును ఆపుకుంటుంది. ఇంట్లో మాత్రం ఇది ముప్పు. కుక్కకు బాగా చనువున్న మనిషి ఒక్కరు, దూరంగా, మాట్లాడకుండా కూర్చుంటే చాలు. నొప్పుల్లో ఉన్న కుక్క ఎంత మంచిదైనా చటుక్కున కరవవచ్చు, చిన్నపిల్లలను ఆ గదిలోకి పంపవద్దు.

రాత్రి బయటికి తీసుకెళ్తే టార్చి ఉండాలి

నొప్పులప్పుడు కుక్కకు మూత్రానికి వెళ్లాలనిపిస్తూనే ఉంటుంది. పెరట్లోకి వదిలేసి తలుపు వేసుకోకండి. గొలుసు పట్టుకుని, టార్చి లైటు, ఒక తువ్వాలు తీసుకుని వెంట వెళ్లండి. ఒంటికనుకుని కూర్చున్న కుక్క పిల్లను అక్కడే గడ్డిలో వదిలేసే అవకాశం ఉంది. చీకట్లో, చలిలో అరచేతిలో పట్టేంత పిల్లను వెతకడం కష్టం.

మొదటి పిల్ల బయటికి వచ్చే తీరు

రెండో దశలో నొప్పి కంటికి కనపడుతుంది. కుక్క పక్కకు ఒరిగి కాళ్లు బిగదన్నుకుంటుంది, లేదా వీపు వంచి సగం కూర్చుని ముక్కుతుంది. తోక ఒక పక్కకు తప్పుకుంటుంది. కాసేపటికి బూడిద రంగులో, నీళ్లు నిండిన తిత్తి ఒకటి తోక కింద ఉబ్బి కనపడుతుంది. ఒక నొప్పికి బయటికి వచ్చి, నొప్పి తగ్గగానే లోపలికి జారుతుంది. మళ్లీ వస్తుంది. రెండు మూడు గట్టి నొప్పులకు తల, భుజాలు దాటాయంటే మిగతా ఒళ్లు జారి పడుతుంది. తల్లి తిరిగి చూసి, తిత్తిని పళ్లతో చింపి, బొడ్డుతాడు కొరికి, పిల్లను బొర్లించి బొర్లించి నాకుతుంది. ఆ నాకుడు మొరటుగా కనపడుతుంది. కానీ పిల్ల ఊపిరితిత్తుల్లోకి మొదటి గాలి వెళ్లేది ఆ రాపిడికే.

గట్టి నొప్పులు మొదలయ్యాక మొదటి పిల్ల సాధారణంగా గంటలోపు వస్తుంది. ఆ తర్వాత అరగంటకో గంటకో ఒకటి. మధ్యలో తల్లి గంటన్నర, రెండు గంటలు హాయిగా నిద్రపోయినా ముక్కకుండా ఉంటే కంగారు పడక్కర్లేదు. కుక్క గర్భసంచికి రెండు పొడవాటి కొమ్ములుంటాయి. చాలాసార్లు ఒక కొమ్ములోంచి ఒక పిల్ల వస్తే, తర్వాతిది రెండో కొమ్ములోంచి వస్తుంది.

కాళ్లు ముందొచ్చినా సుఖకాన్పే

మనుషుల్లో బిడ్డ ఎదురుకాళ్లతో వస్తే కంగారు పడతాం. కుక్కల్లో పదింటిలో నాలుగు పిల్లలు వెనక కాళ్లు ముందుగానే పుడతాయి, అది సహజం. ప్రమాదమంతా కాళ్లు కడుపు కిందికి ముడుచుకుని పిరుదులు మాత్రమే దారికి అడ్డుపడినప్పుడు. సగం బయటికి వచ్చి ఆగిన పిల్లను పట్టి గుంజకూడదు. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు చేయాలి.

ఆకుపచ్చ రంగు: ముందా, తర్వాతా?

కుక్క మాయ పిల్ల చుట్టూ నడుం పట్టీలా ఉంటుంది. ఆ పట్టీ అంచుల్లో నిలిచిన రక్తం విరిగి ముదురు ఆకుపచ్చ రంగు పదార్థంగా మారి ఉంటుంది. దాని పేరు యూటిరోవెర్డిన్. మాయ గర్భసంచి గోడ నుంచి ఊడినప్పుడే ఈ రంగు బయటికి వస్తుంది. మొదటి పిల్ల పుట్టిన తర్వాత ఆకుపచ్చ నీరు కారడం మామూలే. ఒక్క పిల్ల కూడా పుట్టకముందే ఆ రంగు కనపడిందంటే లోపల ఒక పిల్లకు ఆధారం ఊడిపోయిందన్నమాట. దానికి ప్రాణవాయువు అందడం లేదు. అలా కనపడ్డాక తెల్లారేదాకా ఆగకూడదు.

డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిన సమయాలు

కాన్పు మొదలవగానే గడియారం చూసి ప్రతి ఘట్టం వేళా కాగితం మీద వేయండి. కింది వాటిలో ఏ ఒక్కటి కనపడినా వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి.

- 20 నుంచి 30 నిమిషాలు ఆగకుండా గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే.
- నీళ్ల తిత్తి కనపడి పావుగంట దాటినా పిల్ల బయటపడకపోతే.
- లోపల ఇంకా పిల్లలుండగా రెండు గంటలు దాటినా తర్వాతిది రాకపోతే.
- మొదటి పిల్లకు ముందే ఆకుపచ్చ నీరు, ఎప్పుడైనా ధారగా రక్తం, లేదా కుళ్లు వాసన.
- క్రాసింగ్ నుంచి 70 రోజులు దాటినా నొప్పులు రాకపోతే.
- తల్లి లేవలేనంతగా నీరసించినా, కొట్టుకుంటున్నట్టు వణికినా.

ఫోన్‌లో మొదట చెప్పాల్సినవి: ఎన్నో రోజు, ఒంటి వేడి ఎప్పుడు తగ్గింది, ముక్కడం ఎప్పుడు మొదలైంది, ఎన్ని పుట్టాయి, ఏ రంగు కారుతోంది. ఆసుపత్రిలో డాక్టర్ స్కానింగ్ పెట్టి ముందుగా చూసేది కడుపులోని పిల్లల గుండె వేగాన్ని. నిమిషానికి 200 దాటి కొట్టుకుంటే క్షేమం. 180 కిందికి పడిపోతుంటే పిల్ల ఇబ్బందిలో ఉన్నట్టు లెక్క.

ఒక్క పిల్లే ఉంటే కష్టం ఎక్కువ

కడుపులో ఒకే పిల్ల ఉంటే కాన్పు తేలికని అనుకుంటాం. నిజం వేరు. కాన్పు మొదలుపెట్టమని తల్లి శరీరానికి కబురు పంపేది పిల్లలే. వాటి శరీరంలో పెరిగే కార్టిసాల్ ఆ కబురు. ఒక్క పిల్ల పంపే కబురు చాలక రోజులు దాటిపోతాయి. ఈలోగా పిల్ల ఇంకా పెరిగి దారికి పట్టకుండా పోతుంది. ఎక్స్‌రేలో ఒకటో రెండో కనపడితే ఆఖరి వారం డాక్టర్ కనుసన్నల్లోనే ఉండాలి.

సొంత వైద్యంగా ఇంజెక్షన్ వద్దు

గేదెలు పాలు చేపడానికి దొంగచాటుగా వేసే ఇంజెక్షన్‌లో ఉండే మందు ఆక్సిటోసిన్. నొప్పులు ఆగిన కుక్కకూ అదే వేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. పిల్ల దారికి అడ్డంగా ఉన్నప్పుడు ఆ మందు పడితే గర్భసంచి చిరిగిపోవచ్చు, మాయ ముందే ఊడి లోపలి పిల్లలు చనిపోవచ్చు. కుక్క శరీరం తనంతట తాను ఇదే హార్మోన్‌ను తయారు చేసుకుంటుంది. అది పెరగడానికి మనం నిశ్చింతగా చేయగలిగేది ఒకటుంది. ముందు పుట్టిన పిల్లను చన్నుకు పట్టించడం. పిల్ల చీకుతుంటే ఆక్సిటోసిన్ ఊరి తర్వాతి పిల్లకు నొప్పులు వస్తాయి.

కత్తి పడక తప్పని జాతులు

పెద్ద తల, వెడల్పు భుజాలు, ఇరుకు కటి ఉండేలా మనుషులు తీర్చిదిద్దిన జాతులు కొన్నిటికి సహజ కాన్పే గగనమైంది. బ్రిటన్‌లో 2010లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం బోస్టన్ టెరియర్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ జాతుల్లో 80 శాతానికి పైగా ఈతలు సిజేరియన్‌తోనే జరిగాయి. పగ్ లాంటి పొట్టి మూతి కుక్కలు ఈనగలిగినా, తిత్తి చింపడానికీ బొడ్డు కొరకడానికీ వాటి పళ్లు కుదురుగా అందవు. ఈ జాతులను పెంచేవాళ్లు ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రిని, రాత్రిపూట డాక్టర్ ఉంటారో లేదో కనుక్కుని, ముందే మాట్లాడిపెట్టుకోవాలి.

మాయలూ లెక్కపెట్టాలి

ప్రతి పిల్ల వెనకా సాధారణంగా పావుగంటలో మాయ పడుతుంది. కొన్నిసార్లు రెండు పిల్లలు పుట్టాక రెండు మాయలూ ఒకేసారి వస్తాయి. తల్లి వాటిని తినేస్తుంది, భయపడవద్దు. మరీ ఎక్కువ తింటే కక్కుతుంది, విరేచనాలవుతాయి. ఒకటి రెండు తిన్నాక మిగతావి తీసేయవచ్చు. లోపల మాయ నిలిచిపోతే గర్భసంచికి చీము పట్టే ప్రమాదం ఉంది కనుక పిల్లలు ఎన్నో, మాయలు ఎన్నో రాసుకోవాలి. కాన్పు తర్వాత మూడు వారాల దాకా కాస్త కాస్త మైల కారుతుంది. మొదట ముదురు ఆకుపచ్చగా, తర్వాత గోధుమ రంగులో ఉంటుంది. కంపు కొట్టినా, తల్లి ఒళ్లు 103 దాటి కాలినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పిల్ల కదలకపోతే ఊపవద్దు, తుడవండి

పిల్ల పుట్టాక ఒకటి రెండు నిమిషాల్లో తల్లి తిత్తి చింపకపోతే మనమే ముక్కు దగ్గర వేళ్లతో చింపి, మూతి తుడవాలి. తల కాస్త కిందికి ఉండేలా పట్టుకుని, పొడి తువ్వాలుతో వీపు మీద, పక్కల మీద చురుగ్గా రుద్దితే కీచుమంటుంది. పిల్లను రెండు చేతులతో పట్టి పైకీ కిందికీ విసిరినట్టు ఊపే పాత పద్ధతి మెదడులో రక్తస్రావానికి దారితీస్తుందని ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు. బొడ్డుతాడు మనం తెంచాల్సి వస్తే పొట్టకు అంగుళం దూరంలో శుభ్రమైన దారంతో కట్టి, ఆవలి వైపు కత్తిరించాలి. పొట్ట దగ్గర లాగకూడదు.

వణకడం కూడా రాని పసికూనలు

అప్పుడే పుట్టిన పిల్లకు కళ్లు మూసుకునే ఉంటాయి, చెవి రంధ్రాలూ మూసుకునే ఉంటాయి. కళ్లు తెరుచుకునేది 10 నుంచి 14 రోజులకు. మొదటి వారంలో చలికి వణికి వేడి పుట్టించుకోవడం దానికి చేతకాదు. అందుకని దాని పక్క 85 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనంలో ఉండాలి. ఒళ్లు చల్లబడిన పిల్లకు పాలు పట్టవద్దు, అరగవు. ముందు మెల్లగా వెచ్చబరచాలి. మొదటి 24 గంటల్లో ముర్రుపాలు తాగితేనే తల్లి నుంచి రోగనిరోధక శక్తి అందుతుంది. రోజూ వంటింటి త్రాసులో తూచి రాయండి. పుట్టినప్పటి బరువు 8 నుంచి 10 రోజుల్లో రెట్టింపైతే పాలు చాలుతున్నట్టే.

కాల్షియం టానిక్ ఎప్పుడు?

చూలుతో ఉన్న కుక్కకు బలమని కాల్షియం టానిక్ పట్టడం మన ఇళ్లలో మామూలైంది. అవసరానికి మించి బయటినుంచి కాల్షియం వస్తుంటే, ఎముకల్లోంచి దాన్ని తీసి రక్తానికి అందించే ఏర్పాటు బద్ధకిస్తుంది. ఈనాక పాలకు ఒక్కసారిగా కాల్షియం కావాల్సి వచ్చినప్పుడు శరీరం అందించలేదు. ఈనిన రెండు మూడు వారాలకు, ముఖ్యంగా ఎక్కువ పిల్లలున్న చిన్న జాతి తల్లి, బిర్రుగా నడవడం, వణకడం, వగర్చడం, ఒళ్లు కాలిపోవడం చూస్తే అది కాల్షియం పడిపోయిన లక్షణం. పిల్లలను వెంటనే చన్నుల నుంచి తప్పించి ఆసుపత్రికి పరుగెత్తాలి. చికిత్స అందితే గంటల్లో కోలుకుంటుంది, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. చూలు సమయంలో టానిక్ కంటే మంచి తిండి ముఖ్యం. కాల్షియం డాక్టర్ చెప్పినప్పుడే.

చిత్తకార్తెలో కడుపు, ధనుర్మాసంలో కాన్పు

ఊరకుక్కలు గుంపులు కట్టే కాలం చిత్తకార్తె అని మన రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ కార్తె అక్టోబరు రెండో వారంలో వచ్చి నాలుగో వారంలో పోతుంది. దానికి 63 రోజులు కలపండి. డిసెంబరు మధ్య నుంచి చివరిదాకా, ధనుర్మాసపు చలిలో పిల్లలు పుడతాయి. వణకడం కూడా రాని పిల్లలకు ఏడాదిలో అన్నిటికంటే చల్లని రాత్రులవి.

కోల్‌కతా దగ్గరి ఐసర్ (IISER) విజ్ఞాన సంస్థ పరిశోధకులు బెంగాల్ వీధి కుక్కలను ఏళ్ల తరబడి గమనించారు. ఈనబోయే కుక్కలు జనానికి దూరంగా పోకుండా, ఇళ్లకు దగ్గరగానే చోటు వెతుక్కుంటున్నాయని 2016లో ప్రకటించారు. అదే ఏడాది ఇంకో పరిశోధన పత్రంలో చెప్పింది విని బాధపడాల్సిందే. వాళ్లు లెక్కలోకి తీసుకున్న 364 పిల్లల్లో ఈడుకు వచ్చేదాకా బతికినవి 19 శాతమే. చావుల్లో 63 శాతానికి ఏదో ఒక రకంగా మనుషులే కారణం.

కాబట్టి మీ ప్రహరీ పక్కన, ఆగిన ట్రాక్టర్ కింద, మెట్ల సందులో వీధి కుక్క గీరుతూ కనపడితే తరమకండి. దూరం నుంచే ఒక పాత గోనెసంచి, నీళ్ల గిన్నె, రోజూ కాస్త అన్నం పెట్టండి. పిల్లల తల్లి దగ్గరికి వెళ్తే కరుస్తుంది, పిల్లల్ని ముట్టుకోకండి. వీధిలో బండి తీసే ముందు చక్రాల కిందికి వంగి చూడమని అందరికీ చెప్పండి. పిల్లలు పాలు మానాక తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించమని మున్సిపాలిటీకో, మీ ఊరి జంతు సంక్షేమ సంఘానికో కబురు చేయండి. వచ్చే చిత్తకార్తెకు మళ్లీ అదే వీధిలో ఇంకో ఈత పిల్లలు చలిలో చావకుండా ఆపగలిగే మార్గం అదొక్కటే.